కళ్లు మూసుకొని ఉండింది

బుచ్చిరెడ్డిపాలెం పెద్దమనిషి వచ్చేసరికి ఆనందకుమారి కత్తెరలు మరగబెడుతోంది. ఇందిరమ్మగారి కాన్పుల ఆస్పత్రికి మగవాళ్లు రావడం వింతేమీ కాదు. భర్తలు వస్తారు, మామలు వస్తారు, వరండాలో బల్ల మీద కూర్చుని బీడీలు కాలుస్తారు. మగపిల్లాడంటే మీసం దువ్వుకుంటారు, ఆడపిల్లంటే ఈ వాన ఎప్పటికి తగ్గేనో అంటారు. ఈయన వరండాలో ఆగలేదు. తడిసిన చెప్పులు గడప దగ్గర విడిచి, పైపంచెతో ముఖం తుడుచుకొని నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు.

ఆయన పేరు చెంచురామయ్య. బుచ్చిలో ధాన్యం మిల్లు ఉంది. మిల్లు పక్కనే కొత్తగా చిన్న కాన్పుల ఆస్పత్రి కట్టించాడు. దానికి పెద్దనర్సుగా ఎలిశబెతును తీసుకుందామని ఆయన ఆలోచన. ఎలిశబెతు పోయిన నెలాఖరుదాకా ఇక్కడే పనిచేసింది. నర్సును పెట్టుకునేముందు పాతచోటికి వచ్చి ఒక మాట అడిగిపోవడం ఆ పక్క మామూలే. రాతలో ఏమున్నా, ముఖం చూసి అడిగితేనే వాళ్లకు నమ్మకం.

పెద్దనర్సు. ఆ మాట విన్న రోజునుంచి ఆనందకుమారికి అన్నం సయించడం లేదు. పట్టుమని పాతికేళ్లు లేని పిల్ల. నిన్నగాక మొన్న బొడ్డుతాడు ముడి వేయడానికి చేతులు వణికిన పిల్ల. ఆ ముడి నేర్పింది ఎవరు? డాక్టరమ్మ సంతపేటలో ఈ ఆస్పత్రి పెట్టిననాడు రెండు మంచాలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఆనందకుమారి, అంతే ఉండేవి. ఈనాటికీ ఆమెను పెద్దనర్సు అని పిలిచినవాళ్లు లేరు. ఆనందా అని పిలుస్తారు, అంతే.

అది కూడా ఓర్చుకునేదేమో. బిడ్డకు తొలినీళ్లు ఫలానా నర్సు చేత్తో పోయించమని అడగడం కాన్పుకొచ్చే ఇళ్లవాళ్ల అలవాటు. హస్తవాసి అంటారు. ఆనందకుమారి చేతికి ఆ పేరు ఉండేది. ఎలిశబెతు వచ్చిన ఏడాదికి ఆ పేరు చెప్పాపెట్టకుండా ఆ పిల్ల చేతికి వెళ్లిపోయింది. నొప్పులు పడుతూ కూడా "ఆ చిన్నమ్మను పిలవండమ్మా" అనేవాళ్లు. ఆనందకుమారి నవ్వుతూనే పిలిచేది. ఆ నవ్వు నవ్వీ నవ్వీ ఆమెకు దవడలు నొప్పిపుట్టేవి.

కాఫీ పంపమని గదిలోంచి గంట మోగింది. ఆయా చేతిలోంచి పళ్లెం తీసుకొని ఆనందకుమారే వెళ్లింది. పళ్లెం బల్ల మీద పెట్టి, గ్లాసులు సర్దే నెపంతో ఒక్క క్షణం నిలబడింది.

"మా అమ్మాయి తొలికాన్పులో పోయింది డాక్టరుగారూ," అంటున్నాడు చెంచురామయ్య. ఏడుపు గొంతు కాదు. ఎన్నోసార్లు చెప్పుకొని అరిగిపోయిన గొంతు. "కాన్పు సుఖంగానే అయింది. ఆనక రక్తం పోతా ఉంటే పక్కన కూర్చున్నామె కునుకు తీసింది. తెల్లారి చూస్తే పక్కంతా తడి. అందుకే కట్టించినాను ఆ ఆస్పత్రి. నాకు ఎక్కువ చదివిన మనిషి అక్కర్లేదు. మేలుకొని ఉండే మనిషి కావాల. ఆ పిల్ల ఎట్టాంటిది?"

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది. ఎలిశబెతు పోతానని చెప్పిన రోజునుంచి ఆమె ఆ పేరు పలకలేదు. నర్సులంతా కలిసి ఎలిశబెతుకు టీపార్టీ ఇచ్చిన సాయంత్రం తలనొప్పి అని మేడ దిగలేదు. ఇప్పుడు "ఒక్క నిమిషం కూర్చోండి" అని లేచి, ఆనందకుమారిని వెంటబెట్టుకొని నడవలోకి వచ్చింది.

"ఆ పిల్ల రాత్రి డ్యూటీల సంగతి నీకే తెలుస్తుంది. ఏమైనా చెప్పాల్సింది ఉందా?"

ఉందని గానీ లేదని గానీ ఆనందకుమారి ముందుగా అనుకోలేదు. స్టవ్వు మీద నీళ్లు కుతకుతలాడుతున్నాయి. ఆమెకు కోవూరామె బిడ్డ గుర్తుకొచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. కిలోల తూకం వచ్చినా డాక్టరమ్మ ఇంకా పౌన్లే చెబుతుంది, ఆ లెక్కన మూడు పౌన్లు కూడా లేదు. దూదిలో చుట్టి, తొట్టిలో చుట్టూ వేడినీళ్ల సీసాలు పేర్చి, ఇంకు ఫిల్లరుతో ఒక్కొక్క చుక్క పాలు పోశారు. సాయంత్రం డాక్టరమ్మ చూసి, తెల్లారేదాకా ఉండదని నర్సుల చెవిన వేసి మేడకెక్కింది. తెల్లవారుతుండగా ఆనందకుమారి డ్యూటీకి వచ్చేసరికి ఎలిశబెతు తొట్టి అంచుకు నుదురు ఆనించి కళ్లు మూసుకొని ఉంది. ఒక చెయ్యి బిడ్డ రొమ్ము మీద ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆనందకుమారి గడపలోనే ఆగింది. ఎవరైనా ప్రార్థనలో ఉంటే మధ్యలో అడుగు వేయకూడదని బడి చదువునాటి అలవాటు. ఆమె కళ్లూ వాటంతటవే మూతపడ్డాయి. ఎలిశబెతు చివర ఆమేన్ అన్నప్పుడు తనూ ఆమేన్ అంది. అప్పుడు ఆ పిల్ల తలెత్తి "పోయిందక్కా" అంది.

ఇదంతా గుర్తుకు రావడానికి క్షణం కూడా పట్టలేదు. చెప్పడానికి అంతకన్నా తక్కువ పట్టింది.

"కోవూరామె బిడ్డ పోయిన పొద్దు నేను వచ్చేటప్పటికి, ఆ పిల్ల తొట్టి మీద తల వాల్చి ఉండింది డాక్టరమ్మా. కళ్లు మూసుకొని ఉండింది."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఇంకో ప్రశ్న వస్తుందని ఆనందకుమారి గొంతు సవరించుకుంది. రాలేదు. డాక్టరమ్మ తిరిగి గదిలోకి వెళ్లి కూర్చుంది. సగం తెరిచిన తలుపులోంచి మాట స్పష్టంగా వినిపించింది.

"పనిమంతురాలే. కానీ రాత్రిపూట నమ్మలేం చెంచురామయ్యగారూ. చావుబతుకుల్లో ఉన్న బిడ్డ పక్కన నిద్రపోయింది."

కాసేపటికి ఆయా ఖాళీ గ్లాసుల కోసం వెళ్లింది. కాఫీ తాగలేదమ్మా ఆయన అని నిండు గ్లాసు వెనక్కి తెచ్చింది.

*

రెండు రోజులు ఆనందకుమారికి కడుపు చల్లగా ఉంది. ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, ఎన్నాళ్ల తర్వాతో అన్నం రుచిగా తింది. వంకాయ కూర వండుకుంది. మంచాల మధ్య నడుస్తుంటే దుప్పట్లు కూడా తన మాట వింటున్నట్టు సాఫీగా పరుచుకున్నాయి. తను ఏం చేసింది గనక? చూసింది చెప్పింది. చూసింది చెప్పకపోతే తప్పుగానీ చెబితే తప్పా? ఆ బుచ్చి ఆయనకు మేలుకొని ఉండే మనిషి కావాలి. అతని ఆస్పత్రి, అతని భయం. ఇట్లా ఎన్నో న్యాయాలు చెప్పుకుంది. న్యాయం నిజంగా తన వైపు ఉంటే అన్నిసార్లు చెప్పుకోవాల్సిన పని లేదని మాత్రం తోచలేదు.

శనివారం వాన కాస్త తెరిపిచ్చింది. పెరట్లో తీగల మీద పొత్తిగుడ్డలు ఆరవేస్తుంటే వెనక గేటు చప్పుడైంది. ఎలిశబెతు. ఎప్పుడూ గంజి పెట్టిన తెల్లచీర కట్టే పిల్ల, నలిగిన రంగుచీరలో ఉంది. ముందు గేటునుంచి రావడానికి ముఖం చెల్లలేదు కాబోలు.

"అక్కా" అని వచ్చి, అలవాటుగా బుట్టలోంచి ఒక గుడ్డ తీసి దులిపి తీగ మీద వేసింది. ఇద్దరూ చెరో కొసనుంచి ఆరవేసుకుంటూ వచ్చారు. ఆ పిల్ల చెప్పుకుపోయింది. చెంచురామయ్య మిల్లులో గుమాస్తాలు, బండ్లవాళ్లు అందరి ముందరా ముఖం మీదే చెప్పేశాడట, బిడ్డల పక్కన నిద్రపోయే మనిషి తనకు వద్దని. మిల్లుకు ధాన్యం తోలే బండ్లలో కోవూరు బండ్లూ ఉంటాయి. మాట బండి ఎక్కి కోవూరు చేరింది. మర్నాటికి ఆ బిడ్డ తల్లి, పచ్చిబాలింత, బుచ్చికి వచ్చి ఎలిశబెతు వాళ్లన్న ఇంటి గడపలో కూర్చుంది. అన్న పేరు సమాధానం, అక్కడ బడిపంతులు. పిల్లలందరూ చూస్తుండగా ఆమె ఏడ్చింది.

"తిట్టిపోసినా బాగుండేదక్కా," అంది ఎలిశబెతు. "నా బిడ్డ పోయేటప్పుడు నువ్వు నిద్రపోతా ఉంటివా తల్లీ, అని అడిగింది. అంతే. లేదమ్మా అన్నాను. నమ్మలేదు. డాక్టరే చెప్పినాక నేను లేదంటే ఎవరు నమ్మతారు?"

ఆనందకుమారి చేతిలో గుడ్డ నీళ్లోడుతోంది. పిండడం మరిచిపోయింది.

అన్న వకీలు చేత నోటీసు ఇప్పిస్తున్నాడట. డబ్బూ దస్కం ఏమీ అడగడం లేదు. చెంచురామయ్య ఎదుట డాక్టరమ్మ అది నిజం కాదని ఒక్కమాట చెప్పాలి, అంతే. లేకపోతే పరువునష్టం దావా. ఎలిశబెతుకు డాక్టరమ్మంటే ఇప్పటికీ భయమే. పని నేర్పిన మనిషి మీద కోర్టుకు పోవడమేమిటని రాత్రంతా ఏడ్చిందట. ఆ బాలింత ముఖం గుర్తొచ్చి సరేనందట.

"డాక్టరమ్మకు ఎవరు చెప్పినారో, ఎందుకట్టా అనిందో తెలవదు. ఆ పొద్దు ఉండింది మనిద్దరమే కదక్కా. నువ్వు చూసినావు. నాతో ఆమేన్ కూడా అన్నావు. నువ్వొక మాట చెప్తే చాలు, అదే నా సాక్ష్యం."

ఆ పిల్లకు తన మీద అనుమానం లేదు. ఇసుమంతైనా లేదు. అది ఆనందకుమారికి ముల్లులా దిగింది. అనుమానించదగ్గ మనిషిగా కూడా తను కనపడలేదా అని ఒక పక్క, ఇంత నమ్మే మనసు దీనికెట్లా వచ్చిందని ఇంకో పక్క. "తొందరపడబాక, చూద్దాంలే" అంది. బుట్టలో గుడ్డలు అయిపోయాయి. ఎలిశబెతు బుట్ట బోర్లించి గోడకు ఆనించి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

*

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారపు బల్ల. ఊళ్లో ఉన్న క్రైస్తవులంతా ఆ రోజు గుడికి వస్తారు. చుట్టుపక్కల పల్లెల నుంచీ వస్తారు. సమాధానం కుటుంబంతో ఎలిశబెతు కూడా వచ్చింది. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చుంది.

రొట్టె ముక్కల పళ్లెం వరుస వెంట చేతులు మారుతూ వచ్చింది. ఎలిశబెతు అందుకుంది. రొట్టె తీసుకోలేదు. పళ్లెం పక్కామెకు అందించి తల వంచుకుంది. ద్రాక్షరసం వచ్చినప్పుడూ అంతే.

వెనక వరుసల్లో చీరకొంగులు కదిలాయి. ఆనందకుమారి పక్కనున్న రెబెక్కమ్మ చెవిలో గుసగుసలాడింది. "చూసినావా, చెయ్యి రాలేదు. మనసులో దోషం లేకుంటే బల్ల ఎందుకు వదిలేస్తాది?" గుడి మెట్లు దిగేలోపు ఆ మాట సగం సంఘానికి చేరుతుందని ఆనందకుమారికి తెలుసు. దాని అసలు అర్థమూ తెలుసు. మనిషి మీద మనసులో కష్టం పెట్టుకొని బల్లలో చేరకూడదని చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే గుళ్లో నేర్పారు. డాక్టరమ్మ మీద కోపం ఉంది గనక ఆ పిల్ల రొట్టె ముట్టలేదు. తప్పు చేసి కాదు, నియమం తప్పలేక. ఆ నియమమే ఇప్పుడు దాని మెడకు చుట్టుకుంది.

ఇంతలో పళ్లెం ఆనందకుమారి చేతికి వచ్చింది. రెబెక్కమ్మ చూస్తోంది. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు. ఆమె తీసుకుంది. పిండి ముక్క అంగిలికి అంటుకొని ఎంతసేపటికీ కరగలేదు.

ముందు వరుసలో ఎలిశబెతు వీపు నిటారుగా కనిపిస్తోంది. అందరూ తననే చూస్తున్నారని తెలిసీ వదిలేసింది. ఆనందకుమారికి జాలి కలగాలి. కలిగిందేమిటంటే, ఆ ధైర్యం మీద కుళ్లు. మంచిచెయ్యి దానికే, మంచిపేరు దానికే, చివరికి రొట్టె వదిలే ధైర్యం కూడా దానికేనా అనిపించింది. గుళ్లో కూర్చొని ఇట్లా అనుకుంటున్న తనను చూసుకొని ఆమెకు భయం వేసింది.

*

సోమవారం నోటీసు వచ్చింది. మధ్యాహ్నానికి డాక్టరమ్మ వకీలు విజయభాస్కర్ వచ్చాడు. మద్రాసులో చదివిన మనిషి. అరటిపండు ఒలిచినట్టు చెబుతాడు. ఆనందకుమారిని కూడా కూర్చోమన్నారు. డాక్టరమ్మ ముందు కుర్చీలో కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. అంచు మీద కూర్చుంది.

భయపడాల్సింది ఏమీ లేదన్నాడు. పనిచ్చే మనిషి వచ్చి అడిగాడు. ఇదివరకు పనిచ్చిన మనిషి తనకు తెలిసింది చెప్పింది. అడగడానికి అతనికి హక్కుంది, చెప్పడం ఈమె బాధ్యత. అలాంటి చోట నమ్మి చెప్పిన మాట రేపు తప్పని తేలినా సరే, చట్టం కాపాడుతుంది. లేకపోతే ఏ యజమానీ నోరు విప్పడు. ఆ కాపుదల పోయేది ఒక్క కారణం చేతనే.

"మనసులో ద్వేషం ఉండి చెబితే," అన్నాడు. "అవతలివాళ్లు అది రుజువు చెయ్యాలి. అందుకని అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మీకు ఆ అమ్మాయి మీద పగ ఏమైనా ఉందా?"

"లేదు," అంది డాక్టరమ్మ.

"ఈమెకు?"

"ఆనందకెందుకుంటుంది? చెల్లెల్లాగా చూసుకునేది."

వకీలు ఆనందకుమారి వైపు తిరిగి, కోర్టుకు రావలసివస్తే కంగారుపడొద్దని చెప్పాడు. కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేదు, డాక్టరుగారితో ఏ మాటలన్నదో ఆ మాటలే అంటే చాలు. తల వాల్చి ఉంది, కళ్లు మూసుకొని ఉంది. అంతకు మించి ఎవరైనా అడిగితేనే చెప్పాలి. నోటీసుకు జవాబు రేపు టైపు చేయించి సంతకానికి తెస్తానని గొడుగు తీసుకొని వెళ్లాడు.

ఆ సాయంత్రం ఒక కాన్పు అయింది. ఆడపిల్ల, కేక పెట్టి మరీ పుట్టింది. ఆనందకుమారి బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టి వచ్చేసరికి డాక్టరమ్మ పంపు దగ్గర మోచేతులదాకా సబ్బు రుద్దుకుంటోంది. తువ్వాలు పట్టుకొని పక్కన నిలబడటం ఇన్నేళ్లుగా ఆనందకుమారి పని.

"డాక్టరమ్మా," అంది. "ఆ పిల్ల నిద్రపోలేదు. ప్రార్థన చేస్తా ఉండింది. నాకు అప్పుడే తెలుసు."

అరుస్తుందనుకుంది. తువ్వాలు విసిరికొట్టి పొమ్మంటుందనుకుంది. డాక్టరమ్మ గోళ్ల సందుల్లో బ్రష్షుతో రుద్దుకుంటూనే ఉంది.

"నువ్వు నిద్రపోయిందని ఎక్కడన్నావు?" అంది చివరికి. "తల వాల్చింది, కళ్లు మూసుకుంది అన్నావు. నిద్ర అన్నది నేను. మీ మధ్య ఇన్నేళ్లు పనిచేశాను. ప్రతి కాన్పుకు ముందు నువ్వు కళ్లు మూసుకుంటావు. కళ్లు మూసుకుంటే మీకు ఏమిటో నాకు తెలియదా ఆనందా? ఇంకొక్క మాట అడిగితే నువ్వు చెప్పేసేదానివి. అందుకే అడగలేదు."

పంపు కట్టేసింది. నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"దానికి నా చేతిలో చెయ్యి పెట్టి నేర్పాను. నా తర్వాత ఈ ఆస్పత్రి దానిదే అనుకున్నాను. ఎవరో మిల్లాయన పిలిస్తే నవ్వుతూ పోతానంది. పోయేనాడు కాళ్లకు దండం పెట్టింది. ఆ దండానికి నాకు ఒళ్లు మండిపోయింది." తువ్వాలు అందుకొని చేతులు తుడుచుకుంది. "వకీలు చెప్పాడుగా, చట్టం మనవైపే ఉంది. నీ ముందరే పగ లేదని చెప్పాను, అయిపోయింది. ఇంటికి పో."

ఆనందకుమారి గొడుగు తీసుకోవడం మరిచి తడుస్తూనే ఇంటికి నడిచింది. తన తప్పు దించుకుందామని పోతే బరువు తగ్గలేదు సరిగదా, దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. నా తర్వాత ఈ ఆస్పత్రి దానిదే అనుకున్నాను. ఆ ఒక్క మాటే చెవిలో రొద పెట్టింది. రెండు మంచాలనాడు స్టవ్వు వెలిగించిన మనిషి ఎదుట, తువ్వాలు పట్టుకొని నిలబడ్డ మనిషి ఎదుట, ఆ మాట అనడానికి ఆమెకు తడబాటు కూడా లేదు. రేపు తను పోతానంటే డాక్టరమ్మకు ఒళ్లు మండుతుందా? మండదు. ఇంకో నర్సును వెతుక్కుంటుంది. అబద్ధం ఆడించేటంతగా ఆమెకు మనసులో పట్టింది ఎలిశబెతు ఒక్కతే. ఈ సంగతి తెలిసి ఆనందకుమారి గది తలుపు మూసుకొని, తన మీద తనకే అసహ్యం వేసేటంత ఈర్ష్యతో ఏడ్చింది.

ఆ ఏడుపు మధ్యలోనే కోవూరు బాలింత గుర్తొచ్చింది. ఆమె డాక్టరమ్మకూ ఏమీ కాదు, తనకూ ఏమీ కాదు. బిడ్డ పోయి, ఇప్పుడు ఆ పోవడం కూడా ప్రశాంతంగా తలుచుకోలేని మనిషి. ఇంత పెద్ద కుళ్లులో ఆమెను ఎందుకు లాగామని ఆనందకుమారి తనను తాను ప్రశ్నించుకుంది.

*

పొద్దున్నే సెలవు చీటీ ఆయాకు ఇచ్చిరమ్మని పక్కింటామెకు చెప్పి, బుచ్చి బస్సెక్కింది. పెన్న నిండుగా పారుతోంది. వంతెన మీద బస్సు మెల్లగా పోతుంటే జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నీళ్లు చూశారు. కోవూరు దాటాక ఎదురుగా వచ్చే కారుకు దారి ఇవ్వడానికి డ్రైవరు బస్సును పక్కకు తీశాడు. నల్లకారు. వెనక సీట్లో డాక్టరమ్మ కూర్చొని ఉంది. ఏ పల్లెలోనో కష్టమైన కాన్పుకు పిలిచి ఉంటారనుకొని ఆనందకుమారి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

చెంచురామయ్య కొత్త ఆస్పత్రి వరండాలో నిలబడి మంచాలు దింపిస్తున్నాడు. గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు. ఆమె నమస్కారం పెట్టి, తను ఇందిరమ్మగారి ఆస్పత్రిలో నర్సునని చెప్పుకుంది. ఆయన ముఖం విప్పారింది.

"అట్టనా. ఇప్పుడే పోయినారమ్మా డాక్టరుగారు. రాత్రంతా కన్ను మూతపడలేదంట, తెల్లారకముందే కారేసుకొని వచ్చుండారు. అంతటి మనిషి వచ్చి, తప్పంతా నాది చెంచురామయ్యగారూ, విచారించకుండా నోరు జారినాను, ఆ పిల్ల నిద్రపోలేదు, అనేసినారు. మిల్లు గుమాస్తాల ముందర కూడా చెప్పించినాను. కోవూరుకు పోయి ఆ బాలింతకూ చెప్పి పోతానన్నారు. జిల్లా అంతా వెతికినా అట్టాంటి నర్సు మీకు దొరకదు అని మరీ మరీ చెప్పి పోయినారు."

ఇంకెవరి పేరైనా అన్నదా అని ఆనందకుమారి అడగలేదు. అడగనక్కర్లేదు. అని ఉంటే ఈయన ఇంత మర్యాదగా మాట్లాడడు. డాక్టరమ్మ మొత్తం తన నెత్తిన వేసుకొని, ఆనందకుమారిని పక్కన పెట్టి వెళ్లిపోయింది. చేసిన దాంట్లో ఇద్దరూ ఉన్నారు. దిద్దిన దాంట్లో ఆమె ఒక్కతే ఉంది.

లోపల్నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఎలిశబెతు వచ్చింది. ఇంటి దగ్గరనుంచి పిలిపించినట్టున్నారు, హడావిడిగా కట్టిన తెల్లచీర, చేతిలో బీరువా తాళాలు. ఆనందకుమారిని చూడగానే పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పలేదా అయ్యా, ఆ పొద్దు చూసిన మనిషి ఒకరు ఉండారని. ఈమే మా అక్క. నాకోసం సాక్ష్యం చెప్పను ఇంతదూరం వచ్చింది."

"సాక్ష్యంతో ఇంక పనేముంది?" అని చెంచురామయ్య నవ్వాడు. "డాక్టరుగారే వచ్చి చెప్పినారు కదా. కూర్చో అమ్మా, కాఫీ తెప్పిస్తాను."

కుర్చీ కూడా తెచ్చివేశారు. కూర్చుంటే సరిపోతుంది. కాఫీ తాగి, మంచాలు చూసి, బాగున్నాయని మెచ్చుకొని మధ్యాహ్నం బస్సుకు పోవచ్చు. ఎలిశబెతు బతికినన్నాళ్లూ ఆపదలో ఆదుకోవడానికి వచ్చిన అక్కగా తలుచుకుంటుంది. వకీలు లేడు, కోర్టు లేదు, అడిగేవాళ్లు లేరు. తాళాలగుత్తి ఆ పిల్ల వేళ్ల మధ్య గలగలమంటోంది. ఆనందకుమారి లోపల పాత మంట మళ్లీ రగిలింది. డాక్టరమ్మ పొగడ్త వినీ, ఆ తాళాలు చూసీ, ఏమీ తగ్గకుండా రగిలింది. ఈ ఈర్ష్య పోయాక చెబుదామంటే ఎన్నటికీ చెప్పడం కుదరదు.

"ఎలిశబెతూ," అంది. "ఆ మాట డాక్టరమ్మకు చెప్పింది నేనే."

ఆ పిల్ల నవ్వు అట్లాగే ఉంది. మాట ఇంకా లోపలికి దిగలేదు.

"ఏ మాటక్కా?"

"నువ్వు తల వాల్చి, కళ్లు మూసుకొని ఉండావని. ప్రార్థన అని తెలిసీ, ఆ ఒక్కటి చెప్పలేదు. ఆయమ్మ ఏమనుకుంటాదో తెలిసే చెప్పినాను."

చెంచురామయ్య మంచాలు మోసేవాళ్లను చేత్తో ఆపాడు.

"ఎందుకక్కా?" అంది ఎలిశబెతు. అడిగిన గొంతులో కోపం కూడా లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"నిన్ను చూసి ఓర్వలేక," అంది ఆనందకుమారి. "ఇప్పటికీ ఓర్వలేను."

ఎలిశబెతు ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలింది.